అడుగు నలుపు

బ్యారేజీ గేట్లు దించిన నెలలో
పానకాలు నా కొట్టుకొస్తాడు.
హోమియో మందు సీసా, మూతకి మైనం,
లోపల చిటికెడు నల్లటి ఇసుక.

సీతానగరం వైపు, రాళ్లు బయటపడ్డ చోట
మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి
వాళ్లమ్మ బియ్యం గాలించినట్టే గాలిస్తాడు.
ఒకటే తేడా:
ఆవిడ బియ్యం ఉంచుకుని రాళ్లు పారబోసేది.
వీడు తేలికంతా ఏటికి ఒదిలేసి
అడుగున మొండికేసి కూర్చున్నదాన్ని
ఇంటికి తెచ్చుకుంటాడు.

కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో
మా తాత వాడిన గీటురాయి నాది.
దానికి రెండే మాటలొచ్చు.
ఔను. కాదు.
పానకాలు తెచ్చినవాటికి ముప్పై ఏళ్లుగా
దాదాపు రెండో మాటే.
(ఔనన్న రోజులు వేళ్ల మీద లెక్కేయొచ్చు.
అందులో ఒకటి, తర్వాత తెలిసింది,
పుష్కరాల్లో ఎవరిదో జారిన ముక్కుపుడక.)

ఈసారి వాడు గీటురాయి వైపు చూడలేదు.
"కాదులే బాబాయ్, నాకూ తెలుసు.
కాకపోతే మరేంటి?"

ముప్పై ఏళ్లలో
ఆ ప్రశ్న నాకెందుకు రాలేదో.

ఏసోబుని పిలిపించాను.
గుంటూరు కాలేజీలో రాళ్ల గదికి అటెండరు,
రిటైరై ఆరేళ్లు.
రైలు దిగి వచ్చి, టీ వద్దని,
సంచిలోంచి తీశాడు:
పగిలిన స్పీకరు అయస్కాంతం,
గాజుపెంకు, బాత్రూం టైలు ముక్క.

అయస్కాంతానికి కాగితం చుట్టి పొడి మీద తిప్పితే
సగానికి సగం లేచి మీసాలై నిలబడింది.
"ఇనుపరాయి. పిలిస్తే చాలు, వచ్చేస్తుంది."
పిలిచినా తల మాత్రం తిప్పి ఊరుకున్నవాటిని
పక్కకి ఊదాడు. ఇల్మనైటు కావచ్చన్నాడు.
ఎర్రటివి గాజు మీద దారి గీశాయి.
గార్నెట్లు. ఏ కొండలోంచో
అరిగి అరిగి నడిచొచ్చినవి.

దొంగనోట్లు పట్టే నీలి దీపం నా గల్లాపెట్టె పక్కనుంది.
తలుపు మూసి అది వెలిగిస్తే
రెండు రేణువులు నారింజ తొనల్లా వెలిగాయి.
"జిర్కాన్."
పానకాలు ఊపిరి బిగబట్టాడు.
"రోజూ ఇవి తొక్కుకుంటూనే తిరిగానా?"
"ఏట్లో నీకు దీపం ఎవడు పట్టాడు?" అన్నాడు ఏసోబు.

ఒక బూడిదరంగుది కాగితం మీద పెన్సిల్లా రాసింది.
సీసం. తెగిన వలగుండు.
దాన్ని మాత్రం పానకాలు జేబులో వేసుకున్నాడు.
వాళ్ల నాన్న వలేసేవాడు.

చివరికి ఒక్కటి మిగిలింది.
కందిగింజ కంటే కాస్త పెద్దది. నలుపు.
అయస్కాంతానికి చెవిటిది, దీపానికి గుడ్డిది.
ఏసోబు టైలు తిరగేసి గరుకు వైపు రుద్దాడు.
"పైరంగుని నమ్మకూడదు, గీటు చూడాలి."
(అది మా కులవిద్యలో మాట. ఎక్కడ నేర్చాడో.)
లేత గోధుమరంగు గీత,
ఉందా లేదా అన్నట్టు.

నేను త్రాసు దించాను.
తమ అడుగు నలుపు తామెరగని గురిగింజలు
ఏడు వేస్తే ముల్లు నిలబడింది.
పట్టుదారం కట్టి నీళ్లలో ముంచితే
ఆరింటికే తూగింది.
ఏసోబు వేళ్లు మడిచి లెక్క కట్టాడు.
నీటికి ఏడింతల బరువు.
"ఏడు తూగేవి చాలా ఉన్నాయి," అని ఆగాడు.

పానకాలు ఎదురు చూస్తున్నాడు.
ఒక పేరు చెప్పేస్తే వాడు హాయిగా లేచిపోతాడు.

"కాలేజీలో పెట్టెల మీద చీటీలుండేవి.
చెదలు తిన్నవాటిని నేనే మళ్లీ రాసేవాణ్ణి.
ఏది ఏదో తెలియనప్పుడు
ఊహించి రాసేశాను, కొన్ని.
పిల్లలు వాటినే పరీక్షల్లో దించారు.
ప్రభువు క్షమించాలి.
ఇప్పుడు ఊహించను."

అప్పుడు టీ అడిగాడు.

వాళ్లు వెళ్లాక
తాత నాటి చిట్టా తీశాను.
అందులో ఔనన్నవే ఉన్నాయి,
కాదన్నవాటికి ఒక్క గీతైనా లేదు.
కొత్త పేజీలో, తేదీ వేసి,

పానకాలుది. సీతానగరం రేవు.
ఏడు గురిగింజలు. నీళ్లలో ఆరు.
నలుపు.
తెలియదు.