రాయి మీది జిగురు

కేతేపల్లి దిగువన, మూసీలో మోకాటి లోతున నిలబడి
నేను రాళ్ళకు పళ్ళు తోముతున్నాను.

నవ్వకండి, పనే అది.
పాత టూత్‌బ్రష్, తెల్లటి ట్రే, ఐదు రాళ్ళు.
బ్రష్‌కు ఎర్రదారం కట్టింది తబస్సుం మేడం,
ఇంట్లోదానితో కలవొద్దని.
జిగురు ట్రేలోకి కారుతుంది
డికాషన్ అడుగులా.

ఒడ్డున గడ్డి కోసే అండాలు కొడవలి ఆపింది:
"మొన్ననే ఆఫీసోళ్ళు సీసాల పట్టుకపోయిండ్రు గదా నీళ్ళు,
మళ్ళ రాళ్ళెందుకు గీకుతున్నవ్ బిడ్డా?"

సీసాకు తెలిసింది ఆ నిమిషమే అవ్వా.
పగలు పదకొండింటికి ఏరు ఏం చెబితే అదే రాసుకుంటుంది.
రాత్రి రెండింటికి ఎవరి గొట్టం తెరుచుకుందో
రాయి మీద కాపురమున్న వీళ్ళకు తెలుసు.
లేచిపోను కాళ్ళు లేవు,
నీళ్ళలో కరిగిన ఇసుకతో కట్టుకున్న గాజిల్లు తప్ప.

నల్లగొండ ల్యాబులో ఆసిడ్ పోసి ఉడికిస్తే
ప్రాణం పోయి పెంకు మిగులుతుంది.
చుక్క నూనె వేసి, వెయ్యింతలు చేసి, లెక్కపెడతాను.
పడవలు, పడవలు, సన్నటి పడవలు,
మురుగు తాగి బతకనేర్చిన నిట్జియా
మూడు వందల పన్నెండు.
గదలాంటి గాంఫోనీమా ఎనభై ఏడు.

నాలుగు వందలోది వేరు.
నూకలో నూకంత,
మంచినీళ్ళలో తప్ప కాపురం చేయనిది.
మేడంను పిలిచాను. వంతులేసుకుని చూశాం.
మొన్నటిదాకా బతికే ఉందా,
ముప్పై ఏళ్ళ కింద చచ్చి బురదలో దాగిందా,
ఏ వానకో ఏ చెలిమె నుంచో కొట్టుకొచ్చిందా?
ఉడికించాక చెప్పలేం.
అడగాల్సింది అంతకు ముందే.

రిపోర్టులో అంకె వేశాం.
ఒక్కదాని కోసం అంకె మారదు.

మళ్ళీ పోయినప్పుడు చెప్పాను అండాలుకు,
పడవల సంగతి, ఆ ఒక్కదాని సంగతి.
విన్నది. పగిలిన మడమ ఎత్తి చూపించింది.
"నా చిన్నతనంల ఈ రాళ్ళ మీద కాలు వెడితే సర్రున జారేది.
ఇప్పుడు పట్టుకుంటది, ఇడువది. పొద్దుమీకేదాక దురద.
నీ నాలుగొందలు నా కాలు ఎన్నడో లెక్కవెట్టింది."

మోపు ఎత్తమంది. ఎత్తాను.
తడి గడ్డి, రాయంత బరువు.
మూసీ నా మెడ మీదుగా వీపులోకి కారింది.
ఆ మోపు సాయంత్రానికి బర్రె నోట్లో పడుతుంది,
తెల్లారి పాలై
మా స్టవ్ మీద పొంగుతుంది,
ఎర్రదారం లేని బ్రష్‌తో
నేను పళ్ళు తోముకుంటున్న వేళకు.