తెల్లారని ఊళ్లో తెలుపు

గోడ మీద జానెడేసి చదరాలు ఏడు.
ఏడూ తెలుపే.
బల్బు కింద చూస్తే
ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి.

సున్నివ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది,
ఎనిమిదో నెల, ఒక చెయ్యి నడుం మీద.
"మూడోది పసుపు కొడుతోంది" అంటుంది.
"మూడోది ఏది?" అంటాడు ఎస్కిల్.

నవంబరు ఆఖర్న కొండ వెనక్కి పోయిన సూర్యుడు
జనవరి మూడో వారం దాకా ట్రోమ్సో మొహం చూడడు.
మన మాటలో పొద్దు పొడవడమంటే తెల్లవారడమే గదా,
ఆ లెక్కన ఇది ఇంకో ఆరు వారాలు
తెల్లవారని ఊరు.
ఇక్కడ తెలుపు కొనడమంటే
చీకట్లో ఉప్పూ పంచదారా పోల్చుకోవడం.
నాలుక పెట్టి చూడ్డానికి కూడా లేదు.

డబ్బాల మీద పేర్లు మాత్రం ఘనం:
ఉతికిన నార. గుడ్డు పెంకు. మేకపాలు. మౌనం.
"ఈ మౌనం మరీ మెరుస్తోంది" అందామె.
కాసేపు ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత పోట్లాట.
ఆమె పదకొండేళ్లుగా చేపల ఫ్యాక్టరీలో.
తెల్ల కోటు, తెల్ల బూట్లు, ఐసు,
కత్తి కింద రేకులుగా విచ్చుకునే కాడ్ చేప.
"అయిదోది కాడ్ పొట్ట.
దాన్ని చూస్తూ నా బిడ్డ నిద్రపోదు."
అతను రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు.
"మంచు తెల్లగా ఉంటుందని ఎవరు చెప్పారో గానీ,
పొద్దున నాలుక్కి అది నీలం,
హెడ్‌లైటు పడితే నారింజ, ఉప్పు చల్లాక బూడిద.
రెండోది అసలే వద్దు,
అది బస్టాపు పక్కన మూడో రోజు మంచు."
తెలుపు తెలిసినవాళ్లు ఇద్దరు
ఒక ఇంట్లో ఉండకూడదు.

పైగా అది ఒకప్పుడు వలలు దాచిన గది.
ఏది పూసినా మర్నాటికల్లా
కిటికీ కింద తారు మరక
నేనున్నానంటూ పైకి తేలుతుంది.

రంగుల కొట్టు బోర్గిల్డ్ అంది:
"అచ్చ తెలుపు అడక్కండి. అది ఆస్పత్రి వరండా.
కింది మరకను దాచే శక్తీ దానికి లేదు.
ఒక్క చుక్క నలుపు పడాలి, అప్పుడు నిలబడుతుంది."
పసిబిడ్డ బుగ్గన మనం పెట్టే చుక్క సంగతి
ఆమెకు తెలిసే వీల్లేదు.
అయినా సరిగ్గా అంతే వేసింది.

నిర్ణయం కాలేదు. బిడ్డ ఆగలేదు.
మూడు వారాల ముందే, మంచు తుఫాను రాత్రి,
దారి తవ్వుకుంటూ ముందు ఎస్కిల్ బండి,
వెనక అంబులెన్సు.

వచ్చింది. ఎర్రగా, కోపంగా,
ఒంటినిండా వెన్నలాంటి పూతతో.
తుడవబోతే మంత్రసాని అతని చెయ్యి పట్టుకుంది:
"ఉండనీ. లోపల్నుంచి వేసుకొచ్చిన కోటు.
దానంతటదే ఇంకుతుంది."
బొటనవేలికి కాస్త అంటింది.
ఎనిమిదో తెలుపు.

కొట్టు తెరవకముందే గుమ్మంలో నిలబడ్డాడు.
వేలు చూపించాడు. వేలి మీద వేలే ఉంది.
"వెన్న కాదు" అన్నాడు. "మైనం కూడా కాదు.
కింద ఎరుపు ఉంటుంది, కానీ కనపడదు."
బోర్గిల్డ్ డబ్బాకేసి చూడలేదు,
అతని మొహం చూస్తూ చుక్కలు వేసింది.
పసుపు మట్టి రెండు, ఎరుపు అర, నలుపు ఒకటి.
అతను ముక్కు చీదగానే ఆపేసింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం సూర్యుడొచ్చాడు.
బడిపిల్లలు బన్నులు తింటూ కొండకేసి కేకలు.
ఆ గదిలోకి నాలుగు నిమిషాల ఎండ.
గోడ గులాబీ!
తెలుపు కానే కాదు.
సున్నివ తెల్లబోయి చూసింది.
పాప, ఈ కొత్త వెలుతురు గిట్టక,
కళ్లు బిగించి పిడికిలి నోట్లో పెట్టుకుంది.
కిటికీ కింద మరక
చుక్కంత మిగిలే ఉంది.

ఎండ పోయింది. గోడ మళ్లీ తెలుపైంది.
మిగిలిన అర డబ్బా తొట్టి కింద ఉంది.
మూత మీద, పేరు రాయాల్సిన చోట,
బోర్గిల్డ్ పెన్సిలు రాత:
"ఇంకా పెట్టలేదు."
పాపకీ అంతే, అప్పటికి.