రసమట్టం

మంగళవారం, అలారం నొక్కుదామని
కుడిపక్కకి ఒత్తిగిల్లాను.
అంతే, సీలింగు జారిపోయింది.
తడి సిమెంటు మీద టైలు జారినట్టు మెత్తగా కాదు,
కవ్వం తాడు ఎవరో ఒక్క గుంజు గుంజినట్టు.

మంచం పట్టె పట్టుకుని లెక్కపెట్టాను, వృత్తి అలవాటు.
పందొమ్మిది.
ఇరవై అనబోయేసరికి గది
ఏమీ ఎరగనట్టు
నాలుగు గోడలూ సర్దుకుని నిలబడింది.

హాలిఫాక్స్‌లో పదకొండేళ్లుగా టైల్సు పరుస్తున్నాను.
కొండవాలుకి వేలాడే రాతి ఇళ్లు,
ఏ మూలా మూలమట్టానికి లొంగదు.
వాటి మధ్య నేనొక్కదాన్నే నిటారుగా ఉన్నాననుకునేదాన్ని.

పైత్యం, అన్నాడు మా ఆయన అల్లం దంచుతూ.
రక్తం తక్కువ, అంది లీసెస్టర్ నుంచి మా ఆడపడుచు.
మెడ నరమనీ, కళ్లద్దాలనీ ఇంకెవరో.
దిష్టి అని మాత్రం ఎవరూ అనలేదు,
ఆ మాట కోసం కాసేపు ఎదురుచూశాను కూడా.
జ్బిగ్నియెవ్ ఏమీ అనకుండా
నా నిచ్చెన తీసుకెళ్లి వ్యానులో పెట్టి
తాళం వేసుకున్నాడు.

ఆసుపత్రిలో పక్క కుర్చీ ముసలమ్మకి
పూటలకి పూటలు తిరుగుతుందట,
ఎడమ చెవిలో కెటిల్ మరుగుతుందట, ఉప్పు తగ్గించమన్నారట.
వాళ్లాయనకి జలుబు చేశాక నరం వాచి
మూడు రోజులు మంచం దిగలేదట.
తిరగడం ఒకటే, ఇంటిపేర్లు వేరు.

మిసెస్ ఆక్రాయిడ్ నా పేరు రెండుసార్లు విరిచి
మూడోసారి సరిగ్గా అతికించింది: సువర్చల.
"మీరు తూలుతున్నారా, గది తిరుగుతోందా?"
"గది."
"ఎంతసేపు?"
"పందొమ్మిది."
నవ్వింది.

తల కుడికి తిప్పి, గబాలున వెనక్కి పడుకోబెట్టి
బల్ల అంచు దాటించి వేలాడేసింది.
"కళ్లు మూయకండి, నాకు కావలసింది అవే."
కనుపాపలు తూనీగల్లా కొట్టుకున్నాయని తర్వాత చెప్పింది.

ఇంకా చెప్పింది:
చెవి లోపల మూడు అరచుట్టు గొట్టాలు, వాటి నిండా నీళ్లు.
పక్కనే జిగురు పరుపు మీద సున్నపు పలుకులు,
నేల ఎటో చెప్పేవి అవి.
కొన్ని ఊడి గొట్టంలో పడ్డాయి.
తల కదిలితే దొర్లుతాయి, నీళ్లు కదులుతాయి,
మెదడు నమ్మేస్తుంది.

సున్నమా? అన్నాను.
సున్నమే.
ఇన్నేళ్లూ ఊరందరి గోడలకీ ఊడకుండా చూసిన సరుకు
నా తలలో ఊడిందన్నమాట.
ఎందుకు?
వయసు, దెబ్బ, ఒక్కోసారి ఊరికే.
'ఊరికే' అని అంత మర్యాదగా
ఈ దేశంలో ఎవరూ చెప్పగా వినలేదు.

మాత్రలు వాంతిని ఆపుతాయి, పలుకుని కదపలేవు.
దానికి చేతులు కావాలి.

కుడికి. ఆగు. తిరగనీ.
ఎడమకి. ఆగు.
భుజం మీదికి దొర్లి ముక్కు నేలవైపు. ఆగు.
లే.
గోళీని పళ్లెం అంచు వెంట
చప్పుడు కాకుండా ఇంటికి నడిపించినట్టు.

రెండోసారి లెక్క ఏడు. వారం తర్వాత సున్నా.
"మళ్లీ రావచ్చు, వస్తే రండి," అంది.
జీవితకాలం హామీ ఇచ్చే మేస్త్రీని నేనూ నమ్మను.

ఆ రాత్రి భయం భయంగా కుడిపక్కకి తిరిగాను.
సీలింగు ఉన్నచోటే ఉంది.
నిద్రపట్టక లేచి
రసమట్టం తెచ్చి పడకగది నేల మీద పెట్టాను.
బుడగ మెల్లగా బయల్దేరి
లోయకి వీపు తిప్పి
బీరువా వైపు వెళ్లి ఆగింది.

బారుకి అరంగుళం వాలు.
మా ఆయన్ని లేపి చూపించాను.
"పడుకో," అన్నాడు,
అల్లం వాసనతో.