మంగళవారం పడవ

పలక మీద సుద్దముక్కతో రాస్తున్నాను:
మంగళవారం పడవ లేదు.
పోయిన వారం రాసిందే, ఎవరూ చెరపలేదు.
ఆ అక్షరాల మీదే మళ్ళీ దిద్దుతున్నాను
ఒకటో తరగతి పిల్లలా.

అలాస్కా దక్షిణపు కొసన మా ఊరికి రోడ్డు లేదు.
మూడు పక్కలా కొండ, నాలుగో పక్క ఉప్పునీళ్ళు.
పడవే రోడ్డు, పడవే అంబులెన్సు.
బంగాళాదుంపలకీ, బడి బాస్కెట్‌బాల్ జట్టుకీ,
ఒకసారి మా అమ్మ శవపేటికకీ
టికెట్టు చించింది ఈ చేతులే. ఇరవై రెండేళ్ళు.

కిటికీ దగ్గరికి డెల్ఫిన్ అగ్బయానీ వచ్చాడు.
చేపల కార్ఖానాలో రాత్రి పని,
మణికట్టు మీద పొలుసు ఇంకా మెరుస్తోంది.
భార్యకి గురువారం కీమో, అవతలి దీవిలో.
"డబ్బంతా ఎటు పోయింది, సోల్వేగ్?"
నేనేదో సొరుగులో పెట్టి మరిచిపోయినట్టు అడిగాడు.

చమురు ధర పడిపోయిందన్నాను.
అబద్ధం కాదు.
పీపా వంద డాలర్లున్నప్పుడు వేసిన లెక్కలు
ముప్ఫైకి పడ్డాక కూడా కొక్కేనికే వేలాడాయి
చచ్చినవాడి కోటులా.

గొట్టంలో పారకం తగ్గిందన్నాను.
ఎనిమిది వందల మైళ్ళ గొట్టం,
మా చిన్నప్పుడు వరద,
ఇప్పుడు ముసలాడి మూత్రంలా
ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ వస్తోంది.

రాజధానిలో వాళ్ళని తిట్టుకున్నాం కాసేపు.
కంపెనీలకి వదిలేసిన రాయితీలు,
ఎవరూ దాటని వంతెనకి గీయించిన నక్షాలు,
నిల్వ నిధి అడుగు తగిలేదాకా తోడిన చేద.
తిట్టడానికి రుసుము లేదు కదా,
డెల్ఫిన్ కూడా హాయిగా తిట్టాడు.

నేను చెప్పనిది ఒకటుంది.

ఏటా అక్టోబరులో చెక్కు వస్తుంది.
పొత్తిళ్ళలో బిడ్డకీ ఒకటి, మంచాన పడ్డ తాతకీ ఒకటి,
నేల కింది నూనెలో మన వాటా.
ఒక ఏడు దాంతో ఫ్రీజరు కొన్నాను.
ఇంకో ఏడు పన్ను కట్టించుకున్నాను.
నోట్లో పన్ను.
రాష్ట్రానికి జీతంలోంచి కట్టే పన్ను ఎలా ఉంటుందో
ఈ వయసొచ్చినా నాకు తెలీదు.
అది రద్దయిన రోజు నాకు పదేళ్ళు,
మా నాన్న పెరట్లోకి వెళ్ళి
పెళ్ళిలో లాగా గాల్లోకి తుపాకి పేల్చాడు.
కాకులన్నీ లేచిపోయాయి. మేం చప్పట్లు కొట్టాం.

మొన్న చలికాలం బడి జిమ్‌లో సభ పెట్టారు.
చెక్కు తగ్గకూడదన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఎత్తాం.
పడవ ఆగకూడదన్నవాళ్ళు అంటే ఎత్తాం.
పన్ను వద్దన్నవాళ్ళు అంటే
దించడం దేనికని ఆ చేతులే అలా ఉంచాం.
బయటికొస్తూ కాఫీ బాగుందనుకున్నాం.

అప్పుచేసి పప్పుకూడు తినే రకం కాదు మేం,
అప్పంటే మా వాళ్ళకి అసహ్యం.
విత్తనాల బుట్టలోంచి గుప్పెడు తీసి వేయించుకున్నాం,
ప్రతి శరత్తులో, చాలా మర్యాదగా.
తైలపాపం, తలా పిడికెడు.

ఇవేవీ డెల్ఫిన్‌తో అనలేదు.
వాళ్ళింట్లో ఐదు చెక్కులు,
ఐదూ ఆస్పత్రికే పోతాయి. ఆ లెక్క వేరు.
నా లెక్కలో అతన్ని కలపడానికి నోరు రాలేదు.

బావమరిది చేపల పడవలో తీసుకెళ్తాడట,
ఏడు గంటలు, కెరటం బాగుంటే.
"ఆమెకి వాంతులౌతాయి, ఎలాగూ అవుతాయిలే," అని నవ్వాడు.

అతను మెట్లు దిగాక సొరుగు లాగాను.
రబ్బరు ముద్రలు, విరిగిన సుద్దలు, దారం ఉండ,
వాటి కింద మడత కూడా విప్పని ఈ ఏటి చెక్కు.
అతను సరిగ్గానే అడిగాడు.

దీంతో డీజిలు కొంటే
మూడు గురువారాలు వెళ్ళొస్తారు. నాలుగైనా రావచ్చు.
చికిత్స పదహారు గురువారాలు.

కోటు వేసుకున్నాను.
తలుపు దగ్గర ఆగి, వెనక్కొచ్చి,
పలక మీద "లేదు" అన్న మాట కింద
గీత ఒకటి గీశాను, ఎందుకో.
డెల్ఫిన్ ఇంకా రేవు దాటి ఉండడు.