దూది గొర్రెలు

సోమవారం పొద్దున ఇసుక పళ్ళెంలో
అందరి వేళ్ళూ "గ" దగ్గర వంకర తిరిగాయి.
గ అంటే గొర్రె. గ అంటే గంట.
గ అంటే గల్మ, అన్నాడు నెహెమ్యా.
పుస్తకంలో గల్మ లేదు,
వాళ్ళింటికి మాత్రం ఉంది.
బోర్డు మీద గొర్రె పక్కన దాన్నీ రాశాను.

ఆరెపల్లి చర్చి వెనక రేకుల గది మాది.
ఇరవై ముగ్గురు పిల్లలు, ఒకటే కిటికీ.
దాని అవతల ములుగు రోడ్డు మీద
పత్తి బోరాలతో ఎనుమాముల మార్కెట్టుకు
రోజంతా ట్రాలీలు పోతూనే ఉంటాయి.
మా ప్రార్థనలో సగం హారన్లే.
కళ్ళు మూసుకోమంటే ఒక కన్ను మూస్తారు,
రెండోది టిఫిన్ డబ్బాకు కాపలా.

ఈ వారం కథ, తప్పిపోయిన గొర్రె.
నూరంటే ఎంతో చెప్పడానికే
మంగళవారమంతా పట్టింది.
చింతగింజలు పోసి పదేసి కుప్పలు పెట్టాను.
ఇరవై దాకా వస్తారు,
ఆ పైన ఏ లెక్కకైనా పేరు "మస్తు".
కాబట్టి మా గదిలో కథ ఇలా నడిచింది:
మస్తు గొర్రెలను కొండ మీద విడిచి
ఒక్కదాని కోసం కాపరి వెళ్ళాడు.

మణిదీప్ చెయ్యెత్తాడు. ఎత్తితే దించడు.
"టీచర్, మరి గా మస్తు గొర్లను ఎవలు సూసిండ్రు?"

పదకొండేళ్లుగా చెప్తున్న కథ.
ఎవరూ అడగలేదు, నాతో సహా.
"దేవుడు చూశాడు" అన్నాను తొందరగా,
బిస్కెట్ల గంట కొట్టమని ఆయాకు సైగ చేస్తూ.
వాడు నమ్మలేదు. కురుమల పిల్లగాడు,
ఊరకుక్కల సంగతి నాకంటే వాడికే తెలుసు.

బుధవారం మైదా జిగురు, అట్ట బొమ్మలు,
నీలం కాగితం చుట్టిన మందుల షాపు దూది.
సగం జిగురు గొర్రెలకు, సగం నోళ్ళకు.
దీవెన ముక్కుకు ఉన్ని మొలిచింది.
ఇరవై రెండు గొర్రెలు తెల్లబడ్డాయి.
కెజియాది మాత్రం ఉత్త అట్ట.
హాజరు పుస్తకంలో ఆ పిల్లకు
అప్పటికే మూడు సున్నాలు పెట్టాను,
గుండ్రంగా, ఏమీ ఆలోచించకుండా.

గురువారం మనవడి కోసం ఓదెలు తాత వచ్చాడు.
భుజాన గొంగడి, చెప్పులు గల్మ బయట.
ఉండబట్టలేక అడిగాను:
"తాతా, ఒకటి తప్పిపోతే కడమ మందను ఏం చేస్తవు?"
ఇది కూడా తెల్వదా అన్నట్టు చూసి,
"పక్క మందోనికి జెప్పి పోత బిడ్డా."

అంతే. మణిదీప్ సంచి అందుకొని వెళ్ళిపోయాడు.
గోడ మీద రంగుల చార్టంతా వెతికాను.
కొండ ఉంది, ముళ్ళపొద ఉంది, దీపమూ ఉంది.
పక్క మందోడు లేడు.
సాయంత్రం స్కెచ్ పెన్నుతో ఒక మూలన గీశాను.
గొంగడి కుదిరింది, మొహం కుదరలేదు.

శుక్రవారం, వాక్యం అప్పజెప్పే వేళ,
నర్సరీ గది ముందు నిలబడి
"సువార్తమ్మా, నా మందను జర చూడవా" అన్నాను.
ఆమె నవ్వి, తన చాప జరిపింది.

కాలువ దాటాక మూడో చెలక.
నడుముకు ఒళ్ళు కట్టుకొని ఆడవాళ్ళు వంగి ఉన్నారు.
ఏరిన పత్తి కుప్ప మీద కెజియా నిద్రపోతోంది,
జుట్టు నిండా ఎండాకు నలుసులు.
"ఇంట్ల ఎవ్వల్లేరు టీచర్.
కిలోకు పన్నెండు రూపాలిస్తుండ్రు.
గీ ఏరుడైతే పంపుత" అంది వాళ్ళమ్మ,
కాయల మొనలు గీరిన వేళ్ళు ఆపకుండా.

చార్టులో కాపరి
గొర్రెను భుజాలకెత్తుకొని నవ్వుతూ వస్తాడు.
నేను ఒట్టి చేతులతో లేచాను.
గట్టు దాకా వెనకే వచ్చింది కెజియా,
కళ్ళు నలుపుకుంటూ పిడికిలి తెరిచింది.
"నా గొర్రెకు" అంది.

శనివారం అంటించాం.
అందరివీ నున్నటి గొర్రెలు.
అదొక్కటే ఉబ్బెత్తుగా,
లోపల గింజలు వేలికి తగులుతూ.
మణిదీప్ రెండుసార్లు తడిమి
"గిది అసలు గొర్రె" అన్నాడు.

సోమవారం నుంచి "చ".
చ అంటే చేప, చ అంటే చెంబు.
చెలకకు బోర్డు మీద
ముందే చోటు ఉంచాను.