జాతి అనే గడి

గన్నవరం నుంచి నాగుల్లంక దాకా
కాలవగట్టు వెడల్పు చేస్తారట.
చెట్టుకో నంబరు వెయ్యమని
ఎర్ర రంగు డబ్బా, కుంచె, రిజిస్టరు ఇచ్చారు నాకు.
క్రమసంఖ్య. చుట్టుకొలత. ఎత్తు, అంచనాగా.
నాలుగో గడి: జాతి.

నాకు తెలిసినవి కొబ్బరి, మామిడి, వేప.
మిగతాదంతా పచ్చదనం, అంతే.
మొదటి రోజు ముప్ఫై గడులు ఖాళీ.

రెండో రోజు మేకల్ని తోలుకుంటూ లోవతల్లి వచ్చింది.
"ఏం రాత్తన్నారండి?"
చెప్పాను.
"సెట్లక్కూడా జాతి రాత్తారేంటండీ!"
చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.
ఆ తర్వాత కాసేపు నవ్వలేదు.

"పైకి సూడకండి. పైనన్నీ ఒకటే.
ముందు సెయ్యెట్టండి."

పెట్టాను.
నిలువునా దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా తగిలింది: తుమ్మ.
నున్నగా, చల్లగా, జ్వరం దిగిన నుదురులా ఇంకొకటి,
పెచ్చు లేచిన చోట లోపల లేత గులాబీ.
"తెల్లమద్దండి. నమ్మకపోతే ఆకు తిరగెయ్యండి,
కాడ దగ్గర రెండు పులిపిర్లుంటాయి."
ఉన్నాయి.
ముప్ఫయ్యేళ్ళుగా ఈ దారినే సైకిలు తొక్కాను నేను.

తోక తెగిన రావాకు, గంగరావి.
ఆకంతా బొబ్బలు పొక్కితే కానుగ.
"దానికి అమ్మోరు తగ్గదండి. దానికేం కాదు కూడాను."
ఒకదాని కింద అయిదున్నర దాకా కూర్చోబెట్టింది.
మేకలు మోకాళ్ళు మడుచుకుని పడుకున్నాయి.
పొద్దు వాలింది. మా మీద ఆకాశం కొంచెం పెద్దదైంది,
ఆకులు ఒక్కొక్క జతా ముడుచుకుంటుంటే.
"నిద్దరగన్నేరు. ఇప్పుడు రాసుకోండి."

రెండొందల పదిహేడు దగ్గర తనే ఆగిపోయింది.
లాకు దాటాక, చాకిరేవు పక్కన, నీళ్ళ మీదకి ఒరిగి.
బెరడు తడిసిన అట్టలా పొరలు పొరలు.
ఆకు ఒకవైపు పిల్లి నాలుక, రెండోవైపు ఏమీ లేదు.
గోరుతో గీరింది. వాసన చూసింది.
ఆ గోరే నా ముక్కు దగ్గర పెట్టింది.
ఒక మేక ఆకు తింది. ఇంకోటి ఉమ్మేసింది.

"ఎనభయ్యారు వరదకి పదిరోజులు ఈ గట్టు మీదే ఉన్నామండి.
పైనుంచి దుంగలొచ్చాయి, పాకలొచ్చాయి,
తాళమేసిన ట్రంకుపెట్టొకటొచ్చింది, ఎవరూ తెరవలేదు.
అప్పుడేదో గింజ దిగుంటది.
ఏ కొండదో. అడుగుదామంటే దాని తాలూకు మనుసులు లేరు."
మాట్లాడుతున్నంతసేపూ మాను మీద చెయ్యి తియ్యలేదు.

ఇతరములు అని రాయొచ్చు.
ఇతరములకి రేటు లేదు.
కుంచె కొస గట్టిపడేదాకా నిలబడి
నంబరు మాత్రం వేశాను.

రోహిణి కార్తెలో డిపోకి పిలిచారు.
దుంగలకి ఆకుల్లేవు. ఎండకి అన్నీ ఒకటే రంగు.
నంబర్లు ఎటు దొర్లాయో, నేల చదువుకుంటోంది.
కాంట్రాక్టరు తాలూకు కుర్రాడు చిట్టా పట్టుకుని
ఇదేంటి, ఇదేంటి అంటూ నా వెనకే.
కళ్ళు మూసుకుని చేత్తో చెప్పుకుంటూ వెళ్ళాను.
తుమ్మ. తుమ్మ. కానుగ.
మద్ది. చల్లదనం పోయింది, అయినా మద్దే.

మూల దుంగ మీద చెయ్యి దానంతటదే ఆగింది.
గీరి చూశాను.
పచ్చి మొక్కజొన్న పీచు,
దాని వెనకాల కొంచెం, చెమ్మపట్టిన అగ్గిపెట్టె.

"ఇదేంటండి?"
"తెలుసు" అన్నాను.
పెన్ను కాగితం మీద ఆనించి చూస్తున్నాడు.
"పేరు?"
"పేరు తెలీదు."

సరుగుడు అని రాసుకుని ముందుకెళ్ళాడు.