ఆరో అంతస్తు

సాల్మియాలో సముద్రానికి ఎదురుగా
ఆరో అంతస్తులో చర్మం ఆస్పత్రి.
నేల తుడవడం, కాఫీ ఇవ్వడం,
సూదులేసిన గదిలో నెత్తుటి దూది ఏరడం నా పని.
పేరు గంగులమ్మ. ఇక్కడ ‘గంగా’ వరకే పలుకుతారు.

వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు
దొంగసొత్తు అమ్మకానికి తెచ్చినట్టు.
ఒకామె లోపలికొచ్చినాక కూడా నల్లద్దాలు తియ్యదు.
ఒకామె కారు సందు మలుపులోనే ఆపించి
ఎండలో నడిచి వస్తాది.
ఉమ్ ఫైసల్ ఒక్కతే నవ్వుతా వస్తాది,
ఏలక్కాయ కాఫీ రెండుసార్లు అడుగుతాది,
పోయేటప్పుడు నొసలు నా పక్కకు తిప్పి
‘ఎట్లుంది గంగా?’ అంటాది.
‘బాగుంది మామా’ అంటాను.
ఆడమనిషిని మామా అనడానికి మొదట్లో నవ్వొచ్చేది,
ఇప్పుడు రాదు.
బాగుండేది నిజమే,
ఇస్త్రీ చేసిన దుప్పటి బాగున్నట్టు.
కానీ ఆమె తమ్ముడు పోయిన వారం
కాఫీ గదిలో నా ముందే ఏడ్చింది.
కన్నీళ్ళు వచ్చినాయి,
మొకం రాలేదు.

ఎగతాళికి చెప్పడం లేదు.
ఖైతాన్‌లో సాహెరాబీ గదికి శుక్రవారం వచ్చి చూడండి,
పదకొండు మందిమి, ఒక అద్దం.
ఇకామా తిరగరాసే నెల దగ్గరపడితే
పెరుగు డబ్బాలో నల్లరంగు కలుపుకుంటాం,
పాత పళ్ళబ్రష్షుతో పాపిట నుంచి మొదలుపెడతాం.
తెల్లతలను చూసి ఎవురు పనిలో పెట్టుకుంటారు?
మోకాళ్ళు పట్టేసినా ఎవరికీ కనపడవు,
వెంట్రుక కనపడతాది.
పాసుపోర్టులో నాకు నలభై ఒకటి.
రాజంపేట ఏజెంటు రాయించిన వయసు అది.
గంజి కేంద్రం పెట్టిన కరువేడు పుట్టినానని
మేనత్త చెప్పేది. ఆ లెక్క ఏ ఫారంలోనూ పట్టదు.

మొన్న వేలిముద్రలకు పోతే మిషన్ ఒప్పుకోలేదు.
తుడుచుకోమన్నాడు. తుడుచుకున్నాను.
గట్టిగా ఒత్తమన్నాడు. ఒత్తినాను.
‘నీ వేళ్ళకు గీతల్లేవే’ అన్నాడు కౌంటరు పిల్లోడు,
నేనేదో దాచిపెట్టినట్టు.
పద్నాలుగేండ్ల క్లోరాక్స్ అని ఏ భాషలో చెప్పేది?
గీతలు పోగొట్టడానికి మా డాక్టరమ్మ
నూట ఇరవై దినార్లు తీసుకుంటాది.
నావి ఊరికే పోయినాయి.

ఆ మంగళవారమే ఒకామె వచ్చింది, వఫా అని,
బడిలో లెక్కల టీచరంట,
మెడ మీద పులిపిరి తీయించుకోను.
అది తీసినాక డాక్టరమ్మ చేతద్దం ఇచ్చి
పెదవి పక్కన గీతను పెన్నుతో చూపించి
ఇది కూడా రెండు సూదుల పని అనింది.
ఆమె చానాసేపు అద్దం దించలేదు.
నాకొచ్చిన అరబ్బీకి అందింది ఇంత:
మా అమ్మ నలభై ఆరుకు పోయింది.
నాకు నలభై ఏడు.
ఈ గీత ఆమె మొకానికి రాకముందే పోయింది.
వచ్చుంటే ఎట్లుండేదో
నన్ను చూడనీ.
డబ్బులు కట్టేసి
అద్దం నా చేతిలో పెట్టి పోయింది.

తుడిచి పెట్టాల్సిన అద్దం.
స్పిరిటు గుడ్డ ఒక చేతిలో ఉంది.
తుడవకుండా చూసుకున్నాను.
కండ్ల కొసల్లో మా మేనత్త,
పొగ చూరిన పొయ్యికాడ
చిట్లించుకుని, నన్నే తిడతా ఉన్నట్టు.
ఆమె ఫోటో ఒకటి కూడా లేదు మాకు.

ఈ శుక్రవారం సాహెరాబీ తలకు నేనే రంగేసినాను.
కుడిచెవి వెనకాల ఒక పాయ మిగిలింది,
తెల్లగా, నూలుపోగంత.
డబ్బాలో ఇంకా రంగుంది.
‘అయిందా మే?’ అనింది,
అద్దంలో ముందుపక్కే చూసుకుంటా.
‘ఆఁ, అయింది’ అని
బ్రష్షు కడగను పోయినాను.